ఓత్కా కుడి తుంటి

నడుములోకి సూది దిగిన కాసేపటికి ఒతీలియా కాళ్ళు ఆమెకు చెప్పకుండా ఎక్కడికో వెళ్ళిపోయాయి. ముందు అరికాళ్ళలో వెచ్చదనం, తరవాత పిక్కల్లో తిమ్మిరి, ఆ తరవాత ఏమీ లేదు. నడుము దగ్గర ఎవరో గీత గీసినట్టు, గీతకు ఇవతల తను, అవతల ఎవరో. ఏళ్ళ తరబడి పగలూ రాత్రీ సలిపిన కుడి తుంటి ఒక్కసారిగా నోరు మూసుకునేసరికి, ఇంట్లో పొద్దస్తమానం సణిగే ముసలావిడ ఊరెళ్ళినట్టు, ఆ నిశ్శబ్దమే ఆమెకు వింతగా ఉంది. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ తెరలా కట్టారు. దానికి అవతల తుంటి మార్చే డాక్టరు వావ్రెక్, ఆయన మనుషులు, ఇనుప సామాను చప్పుడు. ఇవతల తల దగ్గర మత్తు డాక్టరమ్మ షోల్తేసోవా స్టూలు మీద కూర్చుని ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది.

"నిద్రపుచ్చమంటారా? చాలామంది అదే అడుగుతారు. రంపం, సుత్తి, అన్నీ వినపడతాయి."

"వద్దమ్మా, మెలకువగానే ఉంటాను. చిన్నప్పట్నుంచీ మోతలోనే బతికాను."

తెర అవతలనుంచి వావ్రెక్ గొంతు. "మీది కెజ్‌మరోక్ అన్నారు కదూ?"

"అవును డాక్టరుగారూ. మీదే ఊరు?"

"పొప్రాద్."

"అయ్యో, ఆ మాట సూది వెయ్యక ముందు చెప్పాల్సింది. లేచి వెళ్ళిపోయేదాన్ని."

అందరూ నవ్వారు, ఇనుప సామాను కూడా నవ్వినట్టు గలగలమంది, ఆ నవ్వులో ఎక్కడో కత్తి దిగే ఉంటుంది, ఆమెకు మాత్రం ఎవరో దూరంగా దుప్పటి సర్దినట్టే అనిపించింది. పొప్రాద్ వాడి చేతిలో కాలు పెట్టాను, మాతూష్ అన్నయ్య బతికుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాడు, నది పక్క పాయ గడ్డకట్టిన రోజుల్లో వాడికి లోకంలో శత్రువులు ఇద్దరే, ఒకరు లెక్కల టీచరు, రెండోది పక్క ఊరు పొప్రాద్. మాతూష్, వాడి స్నేహితులు పారలతో మంచు తోసి హాకీ మైదానం చేసుకునేవాళ్ళు, రెండు బూట్లు ఇటు, రెండు బూట్లు అటు పెడితే అవే గోల్స్, కాని గోల్లో నిలబడడానికి ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు, ఎందుకంటే గోల్లో నిలబడితే చలి, దెబ్బలు, పైగా తిట్లు. అందుకని ఆరేళ్ళ చెల్లెల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి, నువ్వు కదలకుండా నిలబడు చాలు, నిన్ను చూసి వాళ్ళే భయపడతారు, అన్నాడు. ఆమె నిలబడింది. మొదటి పక్ బిళ్ళ మోకాలి కింద ఎముక మీద తగిలింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగి రెప్పలకు అంటుకుని బిగుసుకున్నాయి, ఏడిస్తే రెప్పలు ఊడిరావేమో అన్న భయంతో ఏడవలేదు. రెండోది వస్తున్నప్పుడే అది జరిగింది. ఏం జరిగిందో ఆనాడు చెప్పలేకపోయింది, ఈనాటికీ చెప్పలేదు. అవతలి గట్టు మీద వాళ్ళ కేకలు, కుక్క అరుపు, మిల్లు సైరను, అన్నీ దూరంగా తప్పుకుని, ఆ నల్లటి గుండ్రటి రబ్బరు బిళ్ళ ఒక్కటే మిగిలింది, అది తన దగ్గరికి తీరిగ్గా వస్తోంది, ఇదిగో వస్తున్నా, ఇక్కడికే వస్తున్నా, అని ముందే చెప్పి వస్తోంది, ఆమె చెయ్యాల్సిందల్లా అది చెప్పిన చోటికి వెళ్ళి ఉండడమే. వెళ్ళి ఉంది. అది వచ్చి తగిలింది. మాతూష్ నోరు తెరిచి నిలబడ్డాడు. ఆ సాయంత్రం దాకా ఎవడూ గోల్ వెయ్యలేకపోయాడు, చివరికి మాతూషే విసిగిపోయి, ఒసే, ఒక్కటన్నా వదలవే, ఆట ఆటలా ఉండాలి కదా, అన్నాడు. ఆమె వదల్లేదు. వదలడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మేజోళ్ళు విప్పి కాళ్ళు చూసింది. నీలం, ఎరుపు, పసుపు మచ్చలు. అమ్మ నార బట్టల మిల్లులో కుట్టుపని చేసే మనిషి, మాటలకంటే చేతులు ముందు కదిలే మనిషి, నానమ్మ పాత పరుపు విప్పి అందులోని గుర్రపు వెంట్రుక బయటికి తీసింది, మిల్లులో పారేసే దట్టమైన కంబళి ముక్కలు తెచ్చింది, వారం తిరిగేసరికి మోకాళ్ళనుంచి పాదాలదాకా వచ్చే రెండు ప్యాడ్లు కుట్టి గోడకు ఆనించింది. మంచు తడికి అవి గుర్రపుసాల వాసన కొట్టేవి. పిల్లలందరూ ఒసే గుర్రమా అని పిలిచేవాళ్ళు. ముక్కు పగలగొట్టుకుని వస్తే మాత్రం ఇంట్లోకి రానివ్వను, అంది అమ్మ. ఆ తరవాత ముక్కు రెండుసార్లు పగిలింది, రెండుసార్లూ రానిచ్చింది.

"రంపం మొదలవుతోంది," అంది షోల్తేసోవా చెవి దగ్గర. సన్నగా మొదలై లావుగా ముగిసే చప్పుడు. స్కేట్ల అంచులకు సాన పట్టే చక్రం చప్పుడే ఇది, హవ్రాన్ బాబాయి గదిలో నిప్పురవ్వలు ఎగిరేవి, బాబాయి నోట్లో సిగరెట్ నిప్పు ఏదో, సాన నిప్పు ఏదో తెలిసేది కాదు. ఊరి మగపిల్లల జట్టుకు ఆయనే శిక్షకుడు, సన్నగా, వంగి, దగ్గుతూ, చెప్పదలచుకున్నదంతా రెండు దగ్గుల మధ్య చెప్పేసే మనిషి. మాతూష్ ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి, బాబాయ్, ఇది మా చెల్లెలు, అన్నాడు. నాకు కనపడుతోందిలే, అన్నాడాయన. గోల్లో ఒకసారి చూడు బాబాయ్. చూశాడు. ఒక సిగరెట్ మొత్తం అయిపోయేదాకా చూశాడు. నీ పేరేంటమ్మా, అన్నాడు. ఒతీలియా. కాదు, నీ పేరు ఓతో, ఇవాళ్టినుంచి మగపిల్లాడివి, అన్నాడు, జడ చొక్కాలోకి దోపుకో, బస్సులో ఇంటినుంచే అన్నీ తొడుక్కుని రా, మ్యాచ్ అయ్యాక అలాగే ఇంటికి పో, మధ్యలో ఎవరన్నా పలకరిస్తే దగ్గు. అలా ఆమె ఓతో బెనియాక్ అయింది. ప్యాడ్లతో బస్సు మెట్లు అడ్డంగా ఎక్కేది, రెండు సీట్లు పట్టేది, కండక్టరు రెండు టికెట్లు కొట్టబోతే దగ్గేది, ఆయన భయపడి ఒకటే కొట్టేవాడు.

పన్నెండేళ్ళు నిండాక పొప్రాద్‌తో జిల్లా ఫైనల్. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ హాల్లో, వాళ్ళ జనం మధ్య. చివరి భాగంలో ఎవడో వచ్చి మీద పడ్డాడు, హెల్మెట్ పట్టీ తెగింది, హెల్మెట్ ఒకవైపు దొర్లింది, చొక్కాలోంచి జడ బయటపడింది, మంచు మీద బోర్లా పడుకుని పక్‌ను పొట్ట కింద దాచుకున్న ఆమెకు మొదట అర్థం కాలేదు హాలు ఎందుకు ఊపిరి బిగబట్టిందో. పై వరసలోంచి ఒకావిడ గొంతు, ఓరి నాయనో, అది ఆడపిల్లరా. ఆట ఆగింది. పొప్రాద్ శిక్షకుడు మంచు మీదికి బూట్లతోనే వచ్చేశాడు, జారి, లేచి, మళ్ళీ జారి, రిఫరీ చొక్కా పట్టుకున్నాడు. "ఇది మోసం సార్. ఆడపిల్లను దాచిపెట్టి ఆడిస్తున్నారు." హవ్రాన్ బాబాయి తీరిగ్గా దగ్గి, "దాచిపెట్టడం ఏంటయ్యా, గోల్ మధ్యలో నిలబెట్టాను, అందరికీ కనపడేలా. మీ కుర్రాళ్ళకే ఇందాకట్నుంచీ గోల్ కనపడట్లేదు," అన్నాడు. రిఫరీ పెద్దాయన, చిన్నవాళ్ళ ఆటకు వచ్చి ఇలాంటి చిక్కులో పడతానని అనుకోలేదు, తల గోక్కుని, ఆడపిల్ల ఆడకూడదని నాకెవరూ చెప్పలేదు, ఆడొచ్చని కూడా చెప్పలేదు, ఇంకాసేపట్లో అయిపోతుంది, కానీండి, అన్నాడు. కానిచ్చారు. జడ బయటే వేలాడుతుండగా ఆమె ఆ కాసేపూ నిలబడింది. మగపిల్లలు సిగ్గుతో మరీ గట్టిగా కొట్టారు, గట్టిగా కొట్టేది ఎప్పుడూ సూటిగా వస్తుంది, సూటిగా వచ్చేది ఆపడం ఆమెకు పిండి పిసికినంత తేలిక. ఏ క్షణాన మారిందో తెలియదు కాని మారింది, ముందు ఒక మూల, తరవాత మొత్తం హాలు, వాళ్ళ హాలు, వాళ్ళ జనం, ఓతో, ఓతో, అని కాళ్ళు తాటించడం మొదలెట్టారు. మర్నాడు మాంసం కొట్టులో ఆవిడ సాసేజ్ ముక్క కాగితంలో చుట్టి ఇచ్చి, ఇది ఓతోకి, నువ్వు తినకు, అంది.

"బయటికొచ్చింది," అన్నాడు వావ్రెక్.

ఏం బయటికొచ్చిందో అర్థమయ్యేందుకు ఒక క్షణం పట్టింది. "చూపిస్తారా?" అంది.

తెర అవతల ఎవరో, ఏంటీ, అన్నారు. ఇలాంటి కోరిక రోజూ వినరేమో. తరవాత తొడుగు వేసిన చెయ్యి ఒకటి తెర పైనుంచి వచ్చింది, గాజుగుడ్డలో ఒక గుండు. తొడ ఎముక తల. ఉడికించి ఒలిచిన గుడ్డులా నున్నగా ఉండాల్సింది, గతుకులు పడి, అంచుల్లో ముళ్ళు లేచి, పసుపు తిరిగి ఉంది. కాని పైభాగంలో, బాగా అరిగిన చోట మాత్రం, ఎముక ఎముకతో రాసుకుని రాసుకుని పాలిష్ పట్టినట్టు దంతంలా మెరుస్తోంది.

"దీంతో నడిచారా?" అన్నాడు వావ్రెక్.

"ఆడాను."

"దీంతోనా? ఎన్నాళ్ళు?"

"నాలుగు సీజన్లు."

చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. చూస్తే బాధ కలుగుతుందని అనుకుంది గాని కలగలేదు, పైగా ఏదో గర్వం, పండక్కి వచ్చిన చుట్టాలంతా తిని వెళ్ళాక అడుగంటిన గిన్నెను చూసినప్పుడు వంటావిడకు కలిగే గర్వం. ఏమీ మిగల్చలేదు. చివరి గరిటెదాకా వడ్డించేసింది. తన ఈడు ఆడవాళ్ళు నున్నటి తుంటెముకలతో డెబ్భై ఏళ్ళదాకా మార్కెట్టుకు నడుస్తారు, బాగుంటుంది, నడవనీ, కాని ఆ మెరిసే చోటు ఉందే, దంతం రంగు చోటు, అక్కడ రీగా ఉంది, అక్కడ ల్యూబా ఉంది, తెల్లవారకముందే లేచి వెళ్ళిన చలికాలాలన్నీ ఉన్నాయి.

ల్యూబా. మిల్లులో మగ్గాల మరమ్మతు చేసే మనిషి, హ్యాండ్‌బాల్ ఆడి ఆడి భుజాలు తలుపంత చేసుకున్న మనిషి. పదిహేనేళ్ళకు మగపిల్లల జట్టులోంచి పంపేశాక, ఇక ఆడవాళ్ళకు జట్టంటూ ఎక్కడా లేదని తెలిశాక, ఒతీలియా ఆ మిల్లులోనే చేరి మగ్గాల మోతలో మూడేళ్ళు మూగదానిలా పనిచేసింది. ఒకనాడు ఎవరో నూలు కండె విసిరితే, చూడకుండానే ఎడం చేత్తో పట్టుకుంది. పట్టుకోవడం ల్యూబా చూసింది. మోతలోనే చెవిలో అరిచింది, "ఒసేయ్, నువ్వు ఓతోవి కదూ?" ఆ మాటకు ఆమె ఏడ్చేసింది, మూడేళ్ళ తరవాత ఎవరో తన పేరు పెట్టి పిలిచారు. ఆ మధ్యాహ్నమే క్యాంటీన్లో పులిసిన క్యాబేజీ సూపు చల్లారిపోతుండగా జట్టు పుట్టింది. మిల్లు ఆడవాళ్ళు ఆరుగురు, ఒక పోస్టుమనిషి, పశువైద్యం చదివే ఎర్నా, మంచు నాట్యం నేర్చుకుని ఆపేసిన ఒక అమ్మాయి, పాపం ఆ పిల్లకు ఆగాలంటే ఒక చుట్టు చుట్టకుండా ఆగడం రాదు, పక్ కోసం పోతూ పోతూ బొంగరంలా తిరిగేది. హాలు మేనేజరు వాళ్ళకు ఎవరికీ అక్కర్లేని వేళ ఇచ్చాడు, సూర్యుడు కూడా లేవని వేళ. బట్టలు మార్చుకోవడానికి మంచు సాపుచేసే బండి పెట్టే షెడ్డు ఇచ్చాడు. పెట్రోలు వాసనలో, బండి గీకి తెచ్చి పోసిన మంచు గుట్ట పక్కన, ఒక బల్బు కింద చొక్కాలు మార్చుకునేవాళ్ళు, నోటి ఆవిరి కలిసిపోయేది, ల్యూబా గట్టిగా పాడేది, ఆమెకు ఒక్క స్వరం కూడా కుదిరేది కాదు. సరిహద్దు దాటి వెళ్ళి చెక్ వాళ్ళతో ఆడిన మొదటి మ్యాచ్‌లో ఇరవై మూడు గోల్స్ తిన్నారు, తాము ఒక్కటీ వెయ్యలేదు. తిరుగు బస్సెక్కారు. ఎవరో బుక్తలు తీశారు, లోపల ప్లమ్ గుజ్జు పెట్టి ఉడికించిన మెత్తటి పిండి ఉండలు, నిశ్శబ్దంగా తిన్నారు. అప్పుడు ల్యూబా నోరు తుడుచుకుని, "ఇరవై మూడే కదే ఓత్కా. నువ్వు లేకపోతే వంద. అంటే మనం డెబ్భై ఏడు గోల్స్ తేడాతో గెలిచాం," అంది. ఆ లెక్క ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కాకుండానే నవ్వు మొదలైంది, కొండ దిగేదాకా ఆగలేదు, డ్రైవరు బండి పక్కకు తీసి, మీకు నిజంగా ఒంట్లో బాగుందా, అని అడిగాడు. రెండేళ్ళకు ఆ చెక్ వాళ్ళనే వాళ్ళ హాల్లోనే ఓడించి వచ్చారు. అప్పుడు కూడా ల్యూబా పాడింది, అప్పుడు మాత్రం స్వరం కుదిరినట్టే అనిపించింది.

సుత్తి పడింది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, ఇనుము ఇనుము మీద, ఆ మోత తుంటి దగ్గర పుట్టి దవడలో వినపడుతోంది, పళ్ళు కదులుతున్నాయి, తల దిండు మీద ఎగురుతోంది, నొప్పి మాత్రం లేదు, నొప్పి లేని దెబ్బ ఎంత హాయి, ఎవరో తలుపు తడుతున్నట్టుంది. తలుపులా కాదు, హాలు చుట్టూ ఉన్న చెక్కగోడను జనం చేతులతో బాదుతున్నట్టుంది. రీగా. లాత్వియా వాళ్ళ ఊరు, ల్యూబా, ఎర్నా, తను, అందరూ ఇప్పుడు దేశపు జట్టు, ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే పై వర్గంలోకి, పెద్ద జట్ల మధ్యకు. దేశపు జట్టు అంటే పేరుకే, చొక్కాలు మగవాళ్ళు వాడి వదిలేసినవి, మోకాళ్ళదాకా వేలాడేవి, వీపు మీద ఎవరో మగాడి పేరు విప్పేసిన కుట్ల గుర్తులు. జట్టు వెంట పంపిన మేనేజరు కోస్తెల్నిక్ గారికి ఆడవాళ్ళ ఆటంటే చిన్నచూపు, మీసమంటే ప్రాణం. అది మామూలు మీసం కాదు, దాన్ని ఆయన దువ్వేవాడు, దానికి ఏదో నూనె రాసేవాడు, సూపు తాగేటప్పుడు రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకునేవాడు. మొదటి రోజు భోజనాల దగ్గర, "మీరు పై వర్గంలోకి వెళ్ళడమా? వెళ్తే నా మీసం మీరే గొరగండి," అన్నాడు. ల్యూబా చేతిలో చెంచా కింద పెట్టి, "అందరూ విన్నారుగా. సార్ మాట మీద ఉండాలి మరి," అంది.

మూడో భాగంలో సమానంగా ఉన్నారు. లాత్వియా పిల్ల కుడి పక్కనుంచి కొట్టబోతున్నట్టు నటించి అడ్డంగా పంపింది, ఎదురుగా గోలంతా తెరిచి ఉంది, ఒతీలియా ఎడమ గుంజ దగ్గర ఉంది, ఉండకూడని చోట ఉంది, కాని ఆ నల్ల బిళ్ళ ఎప్పటిలాగే ముందే చెప్పింది, ఆమె కుడి కాలు విసిరింది, ఒంట్లోంచి ఊడదీసి విసిరినంత దూరం విసిరింది, పక్ బూటు కొనకు తగిలి పైకి లేచిపోయింది, సరిగ్గా అప్పుడే తుంటి లోపల తడి గుడ్డ చింపినట్టు ఏదో చిరిగింది. ల్యూబా వంగింది. ముఖం మీద ముఖం, చెమట చుక్కలు మాస్కు మీద పడ్డాయి.

"లేవగలవా ఓత్కా?"

"లేవలేను. లేవక్కర్లేదు కదా. వచ్చేవన్నీ కిందే వస్తున్నాయి, కిందే ఉంటా."

కిందే ఉంది. మోకాళ్ళ మీద, కాళ్ళు రెండు వైపులా పరిచి, అటూ ఇటూ ఈడ్చుకుంటూ, అదనపు సమయం కూడా అలాగే. తరవాత ఒక్కొక్కరుగా వచ్చి కొట్టే ఘట్టం. దానికి మాత్రం నిలబడాలి, నిలబడింది, కర్ర మీద బరువేసి, దంతాలు బిగించి, ఎదుటివాళ్ళు అది ఠీవి అనుకున్నారు. చివరి పిల్ల పొడుగ్గా, అందంగా, హడావుడి లేకుండా వచ్చింది. అందరూ ఆ పిల్ల చేతులు చూస్తున్నారు. ఒతీలియా ఏమీ చూడలేదు. ఆరేళ్ళప్పుడు తప్పుకున్నట్టే లోకం మళ్ళీ తప్పుకుంది, కేకలు లేవు, తుంటి లేదు, మీసం లేదు, బిళ్ళ ఇటు వెళ్ళింది, అటు వచ్చింది, మళ్ళీ ఇటు వెళ్ళింది, ఇప్పుడు కాదు, ఇంకా కాదు, అంది, ఆమె ఆగింది, పొడుగు పిల్ల ముందు ఆగలేకపోయింది, కొట్టింది, అప్పుడు మోకాళ్ళ మీదికి దిగింది ఒతీలియా. మెత్తటి చప్పుడు. ప్యాడ్ లోపల ఏదో చిన్న జంతువు దూరి పడుకున్నట్టు. ఒక్క క్షణం లోకమంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం ఆమె సొంతం, ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు, ఆ తరవాతే ల్యూబా వచ్చి మీద పడింది, ఆమె మీద ఎర్నా, ఎర్నా మీద బొంగరం పిల్ల, అందరూ, అడుగున తను, నొప్పితో అరుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు.

"ఏడుస్తున్నారా?" షోల్తేసోవా దూదితో కళ్ళు తుడిచింది. "ఎక్కడన్నా తెలుస్తోందా?"

"లేదమ్మా, నవ్వుతున్నా. ఒకాయన మీసం గుర్తొచ్చింది."

మర్నాడు పొద్దున్న హోటలు భోజనశాలలో కుర్చీ మధ్యలో వేశారు, మెడ చుట్టూ తువ్వాలు కట్టారు. కోస్తెల్నిక్ గారు మాట మీద నిలబడ్డాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. కత్తి ఎర్నా చేతికిచ్చారు. "కదలకండి సార్, ఇది గొర్రెల ఉన్ని కత్తిరించిన చెయ్యి," అంది ఆ పిల్ల, పాపం ధైర్యం చెప్పబోయి. సగం గొరిగాక ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, మీసం పోయిన చోట పై పెదవి చంటిపిల్లాడి పెదవిలా తెల్లగా, చిన్నగా, దిక్కులేనట్టు ఉంది, దాన్ని చూసి అందరికీ ఆయన మీద ఇష్టం పుట్టింది. "మీరు గెలుస్తారని నాకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు. వంటవాళ్ళు కూడా వచ్చి నవ్వారు. విమానాశ్రయంలో ఆయన భార్య పూలగుత్తి పట్టుకుని ఆయన్ని దాటుకుని ముందుకెళ్ళిపోయింది, వెనకనుంచి ఆయన, ఒసే, నేనేనే, అన్నాడు. అప్పటినుంచి ఆయన మీసం పెంచలేదు. వాళ్ళ కోసం పోట్లాడి కొత్త చొక్కాలు తెచ్చింది కూడా ఆయనే, వీపు మీద వాళ్ళ పేర్లే కుట్టించి.

పై వర్గంలో నాలుగేళ్ళు. మొదటి ఏడు ఒళ్ళంతా హూనం చేసి పంపారు, రెండో ఏడు ఎవరికీ తేలిగ్గా లొంగలేదు, మూడో ఏడు గెలవడం మొదలైంది. నాలుగో ఏడు తమ దేశంలోనే ఆడారు. అమ్మ అప్పుడు వచ్చింది. ప్యాడ్లు కుట్టిన అమ్మ, అంతవరకూ ఒక్క మ్యాచ్ చూడని అమ్మ, తలకు గుడ్డ కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని రెండో వరసలో కూర్చుంది. ఒతీలియా గోల్లోంచి ఒకసారి అటు చూసింది, అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. మళ్ళీ చూసింది, మూసుకునే ఉంది. హాలంతా లేచి అరుస్తున్నా, చుట్టుపక్కలవాళ్ళు భుజం పట్టి ఊపుతున్నా, మూసుకునే ఉంది. అంతా అయ్యాక గోడ దగ్గరికి వెళ్ళి, అమ్మా, అంటే అప్పుడు తెరిచింది. "అయిపోయిందా? గెలిచావా?" "గెలిచామమ్మా." "ముక్కు చూపించు," అంది అమ్మ. చూపించింది. బాగానే ఉంది.

అదే ఆఖరు. ఆ రాత్రి బూటు లేసు విప్పడానికి వంగలేకపోయింది, ల్యూబా మోకాళ్ళ మీద కూర్చుని విప్పింది. తరవాత స్కూల్లో వంటపని, వారాంతాల్లో పిల్లలకు గోల్ నేర్పడం. ఇప్పుడు ఆడపిల్లలకు పగటివేళ ఇచ్చారు, మూసుకోవడానికి తలుపున్న గది ఇచ్చారు, పిల్లలు సొంత పేర్లతో వస్తున్నారు, తామర, నెల్లా, సిమోనా, జడలు బయటికి వేసుకుని. ఒతీలియా మంచు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కర్రతో చూపిస్తుంది, చేతులతో చూపిస్తుంది, నోటితో చెబుతుంది, మోకాలు లోపలికి, పాదం బయటికి, ఇలా, అలా కాదు, ఇలా. కిందటి చలికాలంలో నెల్లా, "మీరొకసారి మోకాళ్ళ మీదికి దిగి చూపించండి టీచర్, అప్పుడు అర్థమవుతుంది," అంది. పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. కుర్చీలోంచి లేచింది, కర్ర పట్టుకుంది, దిగబోయింది, సగంలో తుంటి పట్టేసింది, అలా వంగి ఉండిపోయిన ఆమెను ఇద్దరు పిల్లలు చెరో చంక పట్టి లేపారు. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మొదటి డాక్టరు, మీకింకా యాభై కూడా నిండలేదు, అరవై దాకా లాగించండి, చేతికర్ర వాడండి, అన్నాడు. కర్ర నాకు అలవాటే, కాని ఆనుకోవడానికి కాదు, అని లేచి వచ్చేసింది. రెండో డాక్టరు ఈ వావ్రెక్. కొత్త తుంటితో ఏం చేద్దామని, అని అడిగాడు, ఒకరు అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవాలంటారు, ఒకరు మనవరాలి పెళ్ళిలో నాట్యం చెయ్యాలంటారు, మీకేం కావాలి? దిగాలి, అంది ఆమె. ఎక్కడికి? కిందికి. ఆయన ఆమె ఎక్స్‌రేను దీపానికి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. అందరికీ కుదరదు, కొత్త తుంటిని లోపల పెట్టి తిప్పి చూసేదాకా నేనేమీ చెప్పలేను, అన్నాడు.

సుత్తి ఆగింది. హాలు ఖాళీ అయినట్టు నిశ్శబ్దం. తెర అవతల మెల్లగా ఏవో అంకెలు చెప్పుకుంటున్నారు, చిన్నది, దానికంటే పెద్దది, అది ఇవ్వు. ఒతీలియా గుండె మాత్రం పెనాల్టీకి ముందులా కొట్టుకోవడం మొదలెట్టింది, తల దగ్గరి యంత్రం అది పసిగట్టి గబగబా కూసింది, షోల్తేసోవా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒతీలియా గారూ," అన్నాడు వావ్రెక్. "ఇంకా బిగించలేదు. పెట్టి తిప్పి చూస్తున్నా. మీరు చూడలేరు గాని చెబుతుంటా."

చూడలేరు అన్నాడు గాని పైన పెద్ద దీపం ఉంది, దాని అంచు చుట్టూ గాజు, ఆ గాజులో పసుపు మందు పూసిన పొడుగాటి వస్తువేదో మెల్లగా పైకి లేస్తోంది. ఎవరిదో కాలు. దృఢమైన కాలు, పిక్క మీద పాత మచ్చ ఉన్న కాలు, ఓహో, తనదే. తనకు తెలియకుండా, తన బరువు లేకుండా, తన నొప్పి లేకుండా అది మడుచుకుంది, మోకాలు లోపలికి వాలింది, పాదం బయటికి తిరిగింది. రీగా తరవాత ఆ కాలు నొప్పి లేకుండా అలా తిరగలేదు. మర్దనా చేసేవాళ్ళు తిప్పలేదు, వేడి నీళ్ళ బుగ్గలు తిప్పలేదు, ఏ ప్రార్థనా తిప్పలేదు. ఇప్పుడు తలుపు బందుకు నూనె వేసినట్టు తిరిగింది.

"మామూలుగా ఇక్కడికి వస్తే చాలంటాం," అన్నాడు వావ్రెక్. "మీరేమో కిందికి దిగాలన్నారు. ఇంకొంచెం పోనివ్వనా? జారిందంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాలి."

"పోనివ్వండి."

ఆయన పోనిచ్చాడు. గాజులో కాలు ఇంకా విచ్చుకుంది, ఆమె ఊపిరి ఆపింది, తల దగ్గరి యంత్రం కూడా ఒక కూత మరిచిపోయినట్టు అనిపించింది. ఏ చప్పుడూ రాలేదు. ఏదీ జారలేదు. తెర అవతల ఎవరో, పట్టింది, అన్నారు, ఇంకెవరో, అదిగో చూడు ఎలా పట్టిందో, అన్నారు. వావ్రెక్ ఇంకాస్త అటు నొక్కి, ఇటు నొక్కి, చివరికి చెయ్యి తీసేసి, "నిలబడిందండీ. నేను కూడా అనుకోలేదు. నెమ్మది మీద, బాగా నెమ్మది మీద, దిగొచ్చు మీరు," అన్నాడు. పైన గాజులో ఆమె కుడి కాలు మంచు మీద పరుచుకున్నట్టు పరుచుకుని ఉంది, మోకాలినుంచి మడమదాకా, గోల్ మూల మొత్తం మూసేసి, సూది దూరేంత సందు కూడా లేకుండా.

"ఇక ఎవరినైనా వచ్చి గోల్ కొట్టమనండి," అంది ఒతీలియా.